మత్స్యలింగం నోరు

నర్సీపట్నంలో ఒక ప్రభుత్వ కార్యాలయం. 1982 నవంబరు, మధ్యాహ్న భోజనాల వేళ. హెడ్ క్లర్కు సుందరరామయ్య గదిలో ఆయన, ఎదురుగా టైపిస్టు ప్రేమజ్యోతి. అదే ఆఫీసులో పనిచేసిన భర్త జ్ఞానరాజు జ్వరంతో పోయాక, ఆ కుటుంబానికి ఇచ్చిన ఉద్యోగంలో ఆమె చేరి అయిదు నెలలు.

“అంతా నేనే రాశానమ్మా. నువ్వు కొత్తగా రాయాల్సిందేమీ లేదు. చదువుకుని కింద సంతకం పెట్టు, చాలు.”

“ఏటి రాసారండి?”

“జరిగిందే రాశాను. సీనియర్ క్లర్కు మత్స్యలింగం సమయం సందర్భం లేకుండా మాట్లాడి, తోటి ఉద్యోగిని మనసు నొప్పిస్తున్నాడని.”

“నా మనసు నొచ్చిందని ఎవరు చెప్పారండి?”

“నొచ్చుకోలేదా?”

“తెలీదండి.”

“తెలీదంటే?”

“ఏదో తగిలినట్టు తెలుస్తాదండి. నొప్పి తెలీదు. పన్ను పీకేముందు సూది ఇస్తారు గదా, అలగ.”

“చూశావా మరి! అంతలా అయిపోయావు. రోజూ ఇక్కడికి రావడమే నీకు కష్టం. దానికి తోడు పక్క బల్ల దగ్గర ఇతగాడు. అటెండరుగా చేరి క్లర్కు అయ్యాడు గానీ, మాట మాత్రం అప్పటి మాటే. నువ్వు చేరిన రోజున ఏమన్నాడు నీతో?”

“చేరిన రోజా అండి? కుర్చీ గురించి చెప్పారు.”

“ఏమని?”

“‘జోతమ్మా, ఆ కుర్చీ ఎనక్కి వాలకు, పడిపోతావు. మీ ఆయన రెండుసార్లు పడినాడు’ అన్నారు.”

“రామ రామ! చేరిన రోజునే!”

“నేను పడలేదండి. ముందే చెప్పారు గాబట్టి.”

“అది కాదమ్మా నేననేది. నీ కేరేజీ మూత కూడా తీసి చూశాడట.”

“తీశారండి. ‘ఇదేటి, ఒట్టి చారూ మెతుకులూ! రాజు ఉండగా నీసు నేకండా ముద్ద దిగీది కాదు గదా మీ ఇంట్లో. ఆడు పోతే ఊర్లో సేపలు కూడా పోనాయేటి’ అన్నారు.”

“ఛీ ఛీ.”

“ఆ సాయంత్రం ఎల్తూ ఎల్తూ చేపలు కొన్నానండి. మా అత్తగారు తిన్నారు. సంవత్సరమైందంట తిని.”

“నువ్వూ?”

“నేను వండానండి.”

“సరే. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తాడట. మన క్లర్కు దయావతి చెప్పింది నాతో. ఆవిడే సిగ్గుతో చచ్చిపోయిందట, పక్కనుండి.”

“ఎత్తారండి. ‘మీ కిరస్తానపోల్లకి తప్పునేదు గదా. ముప్పయ్యేల్లు కూడా నేవు. ఎప్పుడు సేసుకుంతావు’ అని అడిగారు.”

“నువ్వేమన్నావు?”

“‘ఆ కార్బన్ పేపరు ఇలగివ్వండి’ అన్నాను.”

“అంతేనా?”

“ఇచ్చారండి.”

“నీ ఓర్పుకి దణ్ణం పెట్టాలమ్మా. నీ స్థానంలో ఇంకొకరైతే చెప్పు తీసి ఉండేవారు. ఇంకా ఏమైనా ఉందా? నాకు తెలీనివి?”

“ఒకరోజు పాత రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు. ‘ఇదిగో రాజు సంతకం. సచ్చిపోడానికి పదకొండు రోజుల ముందుది. అప్పుడికి బాగానే ఉన్నాడు సూడు, తారీకులో సున్నా ఎంత గుండ్రంగా సుట్టినాడో’ అని.”

“అది నువ్వు చెప్పనే లేదే! ఇంతకంటే ఏం కావాలి? ఇది కూడా చేరుద్దాం. ఆ కాగితం ఇటియ్యి.”

“వద్దండి.”

“ఎందుకొద్దు?”

“ఆ సంతకం నేను రోజూ తీసి చూస్తానండి. భోజనాలప్పుడు, అందరూ బయటికి ఎల్లాక.”

“... అయ్యో తల్లీ.”

“కంప్లైంటులో రాస్తే ఆ రిజిస్టరు నా దగ్గర ఉంచరు గదండి.”

“సరే, అది వదిలేద్దాం. కానీ ఆలోచించు. ఈ ఆఫీసులో పధ్నాలుగు మందిమి ఉన్నాం. ఇంకెవరైనా నీ ముందు ఒక్క మాట తూలారా?”

“లేదండి.”

“చూశావా?”

“నేను లోపలికి రాగానే అందరూ నవ్వడం ఆపేస్తారు. మా ఆయన పేరు ఎవ్వరూ అనరు. ‘ఇదివరకు ఆ సీటు చూసినాయన’ అంటారు. జరం అని కూడా అనరండి. నిన్న దయావతిగారి అబ్బాయికి జరమొస్తే, ‘ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది’ అన్నారు. అని నాకేసి చూశారు.”

“అదీ మర్యాదంటే.”

“అవునండి.”

“అందరికీ నీమీద అంత అభిమానం.”

“అవునండి.”

“సరే. ఇక పొద్దుటి సంగతి. పొద్దున ఏమన్నాడు?”

“ఎప్పుడండి?”

“పదిన్నరకి. నేను ఇక్కడ ఫోన్లో ఉన్నాను, విశాఖపట్నం ట్రంకు కాలు. హాల్లో గట్టిగా ఏదో అన్నాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం అయిపోయింది. నువ్వు టైపు కొట్టడం ఆపేశావు. ఎప్పుడూ ఆపవు నువ్వు.”

“రిబ్బను మార్చానండి.”

“రిబ్బను మొన్ననేగా మార్చావు.”

“అవునండి.”

“ఏమన్నాడమ్మా?”

“మీకినపళ్ళేదాండి?”

“ఫోన్లో ఉన్నానంటున్నానా!”

“మామూలు మాటేనండి. నాతో కాదు, దయావతిగారితో అన్నారు.”

“దయావతితో ఏమన్నాడు?”

“సెలవు గురించండి.”

“సెలవు గురించా.”

“అవునండి.”

“ఎవరి సెలవు గురించి?”

“దయావతిగారి సెలవండి. అబ్బాయికి బాగోలేదు గదా.”

“అంతేనా?”

“కాగితంలో చివర ఏటి రాసారండి? ‘కావున సదరు మత్స్యలింగమును వేరొక చోటికి...’ ఎక్కడికండి?”

“చింతపల్లిలో ఒక ఖాళీ ఉంది. పొద్దున ఫోను దాని గురించే. నీ సంతకంతో కాగితం వెళ్తే నాలుగు రోజుల్లో ఆర్డరు వచ్చేస్తుంది.”

“చింతపల్లి.”

“అంత దూరమేం కాదు. బస్సులున్నాయి.”

“బస్సులున్నాయండి. అక్కడ జరాలింకా తగ్గలేదంట గదండి.”

“ఇప్పుడు మాత్రలిస్తున్నారు, మందు కొడుతున్నారు. ఇదివరకటిలా లేదు.”

“ఆయనకి ముసలి తల్లి ఉందండి. కళ్ళు కనపడవు.”

“నువ్వింకా అతని గురించి ఆలోచిస్తున్నావా? నేను నీకోసం చేస్తున్నానమ్మా ఇది.”

“తెలుసండి. మీరు నాకోసం చాలా చేశారు. ఈ ఉద్యోగం కోసం విశాఖపట్నం ఎన్నిసార్లు ఎల్లారండి?”

“అవన్నీ ఎవరు గుర్తుపెట్టుకున్నారు.”

“ఏడుసార్లండి. మా అత్తగారికి గుర్తుంది. ఒకసారి ఒళ్ళు బాగోపోయినా ఎల్లారంట. ఆవిడ ప్రతి ఆదివారం చర్చిలో మీ పేరు చెప్పి ప్రార్థన చేయిస్తారు.”

“నా పేరా? ఎందుకమ్మా అవన్నీ!”

“‘సుందరరామయ్యగారనే హిందూ సోదరుణ్ణి ఆశీర్వదించు ప్రభువా’ అని. పాస్టరుగారు గట్టిగా చదువుతారు. అందరూ ఆమెన్ అంటారు.”

“... పెన్ను ఉందా నీ దగ్గర? లేకపోతే ఇదిగో.”

“గురువుగారూ! ఉన్నారేటి లోపల?”

“మత్స్యలింగం, తలుపు తట్టి రమ్మని నీకెన్నిసార్లు చెప్పాను?”

“తీసున్న తలుపు ఏటి తట్టమంతారండి? జోతమ్మా, నువ్విక్కడున్నావేటి! నీ కేరేజీ కాకి తోసీసింది. కిటికీలోంచి ఒచ్చి సారంతా ఒలకబోసీసింది. బల్ల నాను తుడిసీసినాను. కాగితాలు తడవనేదులే.”

“పర్వాలేదండి, మత్స్యలింగంగారూ.”

“ఏటి పర్వానేదు? ఇప్పుడేటి తింతావు? అద్దంలో సూసుకుంతన్నావా అసలు? బుగ్గలు పీక్కుపోనాయి. మొన్న బజార్లో మా ఇంటిది నిన్ను సూసి, ‘ఎవులో టీబీ మనిసి’ అనుకున్నాదంట.”

“మత్స్యలింగం! వచ్చిన పనేమిటో చెప్పు.”

“కృష్ణదేవిపేట బోరింగుల ఫైలండి. మీ బల్లమీదుందని అటెండరు దేవుల్లు సెప్పినాడు. ఇదేనేటి? ఇది కాదు. ఇదేటి, నా పేరుంది ఇందులో?”

“అది నీకు అనవసరం. ఇలా ఇయ్యి.”

“నా పేరున్న కాగితం నాకనవసరం ఎలగవుద్దండి? ‘సమయం సందర్భం లేకుండా’... అది నిజమే. మా ఇంటిదీ అదే అంతాది. దానికి రాయడం రాదు గాని, ఒస్తే ఈపాటికి పది కంప్లైంట్లు ఎట్టీసును. ‘చింతపల్లికి’... ఓలమ్మో! మన్నెమా?”

“నోరు అదుపులో లేకపోతే ఇలాగే ఉంటుంది.”

“నానేటన్నానండి? జోతమ్మా, నానేటైనా తప్పన్నానా? అంటే ఒగ్గీ, పట్టించుకోకు. నాకు నోటికి ఏదొస్తే అది ఒచ్చెస్తది, మనసులో ఏటీ ఉండదు. మా ముసిల్దానికి అన్నం కలిపి పెట్టాల, కల్లు నేవు దానికి. చింతపల్లి తీసికెల్తే సలికి సచ్చిపోద్ది. ఇక్కడొదిలీస్తే ఆకలికి సచ్చిపోద్ది.”

“ఇక్కడ నీ కష్టాలు ఎవరూ అడగలేదు. నువ్వు వెళ్ళు.”

“ఎల్తానండి.”

“మత్స్యలింగంగారూ, ఒక్క నిమిషం. పొద్దున దయావతిగారితో అన్నది మళ్ళీ ఒకసారి చెబుతారా?”

“ఇప్పుడవన్నీ ఎందుకమ్మా! అతన్ని వెళ్ళనీ.”

“నేను సరిగ్గా ఇన్నానో లేదో తెలీడం లేదండి. పదిన్నర నించీ అదే అనుకుంటున్నాను. చెప్పండి, మత్స్యలింగంగారూ.”

“ఏటుంది అందులో? ‘సెలవు సీటీ ఇచ్చీసి ఊరుకోకు దయావతమ్మా, సంతకం అయ్యీదాకా గుమ్మంకాడే నిలబడు’ అన్నాను. రాజు ఇచ్చీసి ఎల్లి తన సీట్లో కూకున్నాడు. ఆ సీటీ హెడ్డుగారి సొరుగులోకి ఎల్లిపోనాది, ఆడు కేంపుకి ఎల్లిపోనాడు. అదే గదా అన్నాను.”

“ఆయన సెలవు చీటీ రాశారా?”

“రాసినాడు గదా.”

“మీరు చూశారా?”

“సూడ్డమేటి, నానే గదా తీసికెల్లి గురువుగారి సేతికిచ్చినాను! ఆడు లెగలేకపోతే. రాస్తంటే సెయ్యి వొణికిపోతంది. రెండు కాగితాలు పాడుసేసినాడు. మూడోది కుదిరింది. ‘దస్తూరి బాగుందా, మత్స్యలింగం?’ అని అడిగినాడు. ‘సెలవు దస్తూరి సూసి ఇస్తారేటిరా, జరం సూసి ఇస్తారు గాని’ అన్నాను నాను.”

“మత్స్యలింగం, బయటికి నడు.”

“నీకు తెల్దేటి, జోతమ్మా?”

“తెలీదండి.”

“అందరికీ తెలుసు గదా! దయావతమ్మకి తెలుసు. దేవుల్లుకి తెలుసు. టైము కీపరు సింగన్నకీ తెలుసు. పదిహేను నెల్లయిపోనాది. నీకు తెల్దనేటి... ఓలమ్మా. అది సెప్పకూడదేటి?”

“వెళ్ళమంటున్నానా!”

“ఎల్తన్నాను, ఎల్తన్నాను. సెప్పకూడదని నాకు ఎవులూ సెప్పనేదు. జోతమ్మా, నా కేరేజీ నీ బల్లమీద ఎట్టినాను. ఎండుసేపల కూర. కారం ఎక్కువుంతాది, నీల్లు దగ్గరెట్టుకో.”

“సరేనండి.”

“తలుపు వేసి వెళ్ళు.”

“ఏసీసినానండి.”

“... అమ్మా.”

“చెప్పండి.”

“వాడికి ముందూ వెనకా తెలీదు. ఒకటంటే ఇంకొకటి కలిపి చెబుతాడు.”

“అబద్ధమాండి?”

“అబద్ధమని కాదు...”

“చీటీ ఇచ్చారాండి ఆయన?”

“మంచినీళ్ళు తాగుతావా?”

“వద్దండి. ఇచ్చారా?”

“ఇచ్చాడు.”

“మీ చేతికి.”

“నా చేతికే. మత్స్యలింగం తెచ్చి ఇచ్చాడు. అమ్మా, ఆరోజు పరిస్థితి నీకు తెలీదు. మన్యంలో తాగునీళ్ళ బావులు ఎన్ని పనిచేస్తున్నాయో వారంలోగా రిపోర్టు కావాలని పైనుంచి తాఖీదు మీద తాఖీదు. టైపిస్టే అయినా ఆ ఊళ్ళ దారులు తెలిసినవాడు రాజు ఒక్కడే. ఇంకొకణ్ణి పంపితే ఏ ఊరు ఎక్కడుందో తెలుసుకోవడానికే వారం పడుతుంది. ఆఫీసరుగారు నా నెత్తిన కూర్చున్నారు. చీటీ ఇస్తే మరి నేనేం చెయ్యను?”

“ఏం చేశారండి?”

“సొరుగులో పెట్టాను.”

“చదివారా?”

“చదివాను. జ్వరమని ఉంది. వర్షాకాలం, ఊళ్ళో సగం మందికి జ్వరాలు. రొంప జ్వరం అనుకున్నాను. రాజుని పిలిచి, ‘మూడు రోజులు ఎలాగో చూసుకో నాయనా, వచ్చాక వారం సెలవు నేనే ఇప్పిస్తాను’ అన్నాను.”

“ఆయనేమన్నారు?”

“‘అలాగేనండి’ అన్నాడు.”

“‘అలాగేనండి’ అన్నారా?”

“అన్నాడు. ఆ కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు కాసేపు. వెళ్ళిపోయాడు.”

“నాలుగో రోజు బస్సులో తెచ్చి దింపారండి. మనిషి తెలివిలో లేరు. బస్టాండులో నేను పిలిస్తే పలకలేదు. పెద్దాసుపత్రికి తీసికెల్తే, ఇంక ఒక్క రోజు ముందొచ్చి ఉంటే అన్నారు.”

“తెలుసమ్మా. నేనూ వచ్చాను కదా అక్కడికి.”

“వచ్చారండి. మీరు ఏడ్చారు. మా అత్తగారు అది చూసి, ‘పరాయి మనిషి అంతలా ఏడుస్తున్నాడు, నీ కంట్లో చుక్క లేదేటే’ అన్నారు.”

“ఆ మాట నాకూ వినపడిందమ్మా.”

“నేను రాగానే అందరూ మాటలు ఆపేస్తుంటే, నామీద జాలి అనుకున్నానండి.”

“జాలి కూడా ఉందమ్మా. నిజంగానే ఉంది. నేనే అందరికీ చెప్పాను, ఆ సంగతి నీ దగ్గర ఎత్తవద్దని. తెలిస్తే నువ్వు తట్టుకోలేవని.”

“మత్స్యలింగంగారికి చెప్పలేదా?”

“నువ్వు చేరేముందు వారం చెప్పాను, అప్పుడు వాడు లేడు. తల్లికి బాగోలేదని ఇంట్లో ఉన్నాడు. తరవాత... తరవాత మరిచిపోయాను.”

“ఆ చీటీ ఏటి చేశారండి?”

“ఏ చీటీ?”

“ఆయన రాసింది.”

“... ఉంది.”

“ఎక్కడుందండి?”

“అక్కడే. చింపేద్దామని రెండుసార్లు బయటికి తీశాను. రెండుసార్లూ చెయ్యి ఆడలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు నాది. ఎన్ని కాగితాలు చించానో లెక్కలేదు.”

“చూడొచ్చాండి?”

“ఎందుకమ్మా ఇప్పుడు...”

“చూడొచ్చా?”

“ఇదిగో. అంచు కొంచెం నలిగింది. లోపల అంతా బాగానే ఉంది.”

“‘ఆర్యా, నాకు మూడు దినములుగా తీవ్రమైన జ్వరము, చలి యున్నందున కేంపునకు వెళ్ళజాలను. నేటి నుండి నాలుగు దినములు సెలవు మంజూరు చేయ ప్రార్థన. ఇట్లు, తమ విధేయుడు.’”

“చదవకమ్మా.”

“పదిహేడు ఎనిమిది ఎనభై ఒకటి. సోమవారం.”

“అవును, సోమవారం.”

“సోమవారమేనండి. ఆదివారం ఆరాధనకి కూడా లేవలేదు ఆయన. సోమవారం పొద్దున చొక్కా వేసుకుంటుంటే పోట్లాడాను. ‘ఒళ్ళు కాలిపోతోంది, సెలవు పెట్టండి’ అన్నాను. ‘నీకేం తెలుసు ఆఫీసు సంగతి’ అన్నారు. ‘మీ ఇష్టం, ఎల్లండి’ అని నేను వంటింట్లోకి ఎల్లిపోయాను. గుమ్మం దాకా కూడా రాలేదు. పదకొండింటికి మీ దేవుళ్ళు ఒచ్చి, ‘అయ్యగారు కేంపుకి ఎల్తున్నారు, బట్టల సంచీ ఇమ్మన్నారు’ అన్నాడు.”

“నేనే పంపాను వాణ్ణి. ఇంటికి వెళ్తే బస్సు తప్పిపోతుందని.”

“నాకు కోపమొచ్చిందండి. చూశావా, అడగనే లేదు, మొండి మనిషి అనుకున్నాను. రెండు చొక్కాలు, ఒక లుంగీ సంచీలో పడేశాను. దుప్పటి చేతిలోకి తీసుకుని మళ్ళీ మంచమ్మీద పెట్టీసాను. ‘అంత గట్టి మనిషికి దుప్పటెందుకు’ అన్నాను. దేవుళ్ళు నవ్వాడు.”

“అమ్మా...”

“చలి అని రాశారు గదండి ఇందులో.”

“అమ్మా, తప్పంతా నాది. నీది కాదు. నన్ను తిట్టు. ఏదైనా అను.”

“ఏటనాలో తెలీడం లేదండి. ఇంటికెల్లాక తెలుస్తుందేమో.”

“నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను.”

“వద్దండి. పెద్దవారు.”

“ఉద్యోగం ఇప్పించేస్తే ఆ బాకీ తీరిపోతుందనుకున్నాను. తీరలేదు. రోజూ నువ్వు ఆ బల్ల దగ్గర కూర్చుని టకటకా కొడుతుంటే, ఒక్కో అక్షరం నా నెత్తిన కొట్టినట్టే ఉంటుంది.”

“నేను నెమ్మదిగానే కొడతానండి. ఆయనంత స్పీడు లేదు నాకు. మత్స్యలింగంగారు అంటూనే ఉంటారు.”

“ఆ కంప్లైంటు కాగితం...”

“ఇది చింపేస్తానండి.”

“చింపెయ్యి.”

“చింపేశానండి. బుట్ట ఎక్కడుంది?”

“అక్కడ పడెయ్యి. ఈ పూట ఇంటికి వెళ్ళమ్మా. నేను చూసుకుంటాను.”

“అయిదు దాకా ఉంటానండి. ఎస్. రాయవరం కాగితాలు సగం ఉండిపోయాయి. మత్స్యలింగంగారి కూర కూడా తినాలి, లేకపోతే ఊరుకోరు. ఈ చీటీ నాకిస్తారాండి?”

“అది... అది ఆఫీసు కాగితమమ్మా.”

“ఆఫీసులో నంబరు పడలేదండి దీనికి. ముద్ర కూడా లేదు.”

“లేదు. నిజమే. అమ్మా, ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. ఆ చీటీ నువ్వు పైవాళ్ళకి చూపిస్తే నా ఉద్యోగం ఉండదు. ఇంక మూడేళ్ళుంది నాకు. ఇద్దరు చదువుకుంటున్నారు. అయినా ఇవ్వనని అనను. తీసుకో. కానీ ఎవరికి చూపిస్తావు?”

“పైవాళ్ళు నాకెవరూ తెలీదండి.”

“మరి?”

“మా అత్తగారికి చదివి ఇనిపించాలి. ఆవిడకి చదువు రాదు. పదిహేను నెలలుగా రోజూ అన్నం ముందు కూర్చుని ఒకటే అడుగుతారు, జరంతో ఉన్నోణ్ణి ఎలగ పంపేశావే, సెలవు పెట్టమని ఒక్క మాట అనలేకపోయావా అని. అన్నానంటే నమ్మరు. కొన్నాళ్ళు పోయాక, అన్నానో లేదో నాకే తెలీకుండా పోయింది.”

“అయితే ఆవిడకి నా సంగతి చెబుతావు.”

“మీ సంగతి కాదండి.”

“మరేం చెబుతావమ్మా?”

“ఆయన నా మాట ఇన్నారని.”